1937 నాటి మద్రాసు శాసనసభ: ఎవరు సభ్యులయ్యారు, ఏ దారిన వచ్చారు

1935 భారత ప్రభుత్వ చట్టం మద్రాసు రాష్ట్రానికి రెండు సభలను ఇచ్చింది. దిగువ సభ అయిన శాసనసభలో 215 స్థానాలు, ఎగువ సభ అయిన శాసనమండలిలో 54 నుంచి 56 వరకు స్థానాలు ఉండేవి. 1937 ఫిబ్రవరిలో ఎన్నికలు జరిగాయి. జులై నెలలో సభ మొదటిసారి సమావేశమైంది. 1939 అక్టోబరులో మంత్రివర్గం రాజీనామా చేయడంతో సభా కార్యక్రమం ఆగిపోయింది. ఐదేళ్ల కోసం ఎన్నికైన సభ్యులు పనిచేసినది రెండేళ్ల మూడు నెలలకు కొంచెం మించిన కాలమే. ఆ కొద్దికాలపు సభ్యుల జాబితాను ఇప్పుడు తీసి చూస్తే, ఆనాటి చట్టం ప్రజలను ఏయే గీతల వెంట విడదీసి లెక్కపెట్టిందో, ఏ గీతను లెక్కలోకే తీసుకోలేదో స్పష్టంగా తెలుస్తుంది. మతం, కులం, ఆస్తి, వృత్తి, స్త్రీ పురుష భేదం అనేవి చట్టంలో ఉన్నాయి. భాష లేదు. సభ నడిచినంతకాలం తెలుగు సభ్యులను వెంటాడినదీ, పదహారేళ్ల తరువాత ఆ సభ వారసత్వాన్ని రెండుగా చీల్చినదీ భాషే.

ముందుగా స్థానాల అమరికను చూడాలి. మొత్తం 215లో 146 సాధారణ స్థానాలు. వాటిలో 30 షెడ్యూల్డు కులాలకు కేటాయించినవి. మిగిలిన 69 స్థానాలను ప్రత్యేక వర్గాలకు పంచారు: ముస్లింలకు 28, భారతీయ క్రైస్తవులకు 8, యూరోపియన్లకు 3, ఆంగ్లో ఇండియన్లకు 2, జమీందారులు తదితర భూస్వాములకు 6, వాణిజ్య పారిశ్రామిక వర్గాలకు 6, కార్మికులకు 6, స్త్రీలకు 8, విశ్వవిద్యాలయానికి 1, వెనుకబడిన ప్రాంతాలకు, గిరిజనులకు కలిపి 1. స్త్రీల స్థానాలను కూడా మతాన్ని బట్టి విభజించారు. వాటిలో ఆరు సాధారణ వర్గానికి చెందినవి కాగా ముస్లిం స్త్రీకి ఒకటి, క్రైస్తవ స్త్రీకి ఒకటి దక్కాయి. లక్షలాది గిరిజనులున్న రాష్ట్రంలో వారికి ఒకే ఒక్క స్థానం ఉండగా, వేళ్లమీద లెక్కించదగిన పెద్ద భూస్వాములకు ఆరు స్థానాలు ఉండటాన్ని బట్టి ఈ పంపకంలో ఎవరి మాట చెల్లిందో ఊహించడం కష్టం కాదు.

ఈ అమరిక వెనుక ఒక లెక్క ఉంది. ఏ ఒక్క పార్టీ సభను పూర్తిగా తన చేతిలోకి తీసుకోకుండా, వర్గాల ప్రయోజనాలు ఒకదానినొకటి సరితూచుకుంటూ ఉండాలని చట్ట రూపకర్తలు ఆశించారు. మద్రాసులో ఆ లెక్క తప్పింది. సభలో మెజారిటీకి 108 మంది కావాలి, సాధారణ స్థానాలేమో 146. అందువల్ల ప్రత్యేక స్థానాలన్నీ ఒక్కటైనా, సాధారణ స్థానాలను గెలుచుకున్న పార్టీని అడ్డుకోలేవు. కాంగ్రెసు గెలిచినవి 159 స్థానాలు. సాధారణ స్థానాలన్నీ దానికే వచ్చాయనుకున్నా, మరో 13 స్థానాలైనా ప్రత్యేక వర్గాల నుంచి వచ్చి ఉండాలి. ముస్లిం స్థానాల్లో కాంగ్రెసుకు దక్కినవి కొద్దే అయినా, కార్మికుల, స్త్రీల స్థానాల్లో దాని పలుకుబడి బాగా పనిచేసింది. 1920 నుంచి 1937 వరకు గల పదిహేడేళ్లలో పదమూడేళ్లు మంత్రివర్గాలను నడిపిన జస్టిస్ పార్టీ ఇరవై స్థానాల దరిదాపుల్లో ఆగిపోయింది.

ఓటర్లు ఎవరన్నది కూడా ఇక్కడ చెప్పాలి. వయోజనులందరికీ ఓటు లేదు. భూమి శిస్తు, పన్ను చెల్లింపు, ఆస్తి, అక్షరాస్యత వంటి అర్హతలు ఉన్నవారికే ఓటు ఉండేది. అర్హత గల భర్త ఉన్నందున భార్యకు ఓటు వచ్చే పద్ధతి కూడా ఉంది. అంటే కాంగ్రెసుకు అంత పెద్ద విజయాన్ని ఇచ్చింది నిరుపేదలు కాదు. కొద్దో గొప్పో భూమి ఉన్న రైతులు, చిన్న వ్యాపారులు, చదువుకున్నవారు ఆ విజయానికి మూలం. చదవడం రాని ఓటర్ల కోసం పార్టీల వారీగా రంగు పెట్టెలు పెట్టారు. గాంధీ పేరుతో పసుపు పెట్టెలో ఓటు వేయమన్న కాంగ్రెసు ప్రచారం పల్లెల్లో అభ్యర్థుల పేర్లకంటే ఎక్కువగా పనిచేసింది. సభలోకి వచ్చినవారిలో చాలామంది సొంత పేరు మీద కాక ఆ పెట్టె రంగు మీద గెలిచారన్న మాటలో కొంత నిజం ఉంది. తరువాతి రెండేళ్లలో సభ్యులు పార్టీ ఆదేశాన్ని దాటకపోవడానికి ఇదీ ఒక కారణమే.

ఆ ఎన్నికలో అందరి దృష్టినీ ఆకర్షించిన ఫలితం బొబ్బిలిలో వచ్చింది. 1932 నుంచి, మధ్యలో కొద్దికాలం తప్ప, రాష్ట్ర మంత్రివర్గానికి నాయకుడిగా ఉన్న బొబ్బిలి రాజా రావు శ్వేతాచలపతి రామకృష్ణ రంగారావు తన సంస్థానంలోనే ఓడిపోయారు. ఆయనను ఓడించిన వరాహగిరి వెంకటగిరి రైల్వే కార్మికుల నాయకుడు, బరంపురంలో పుట్టినవాడు. 1936 ఏప్రిల్‌లో ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడినప్పుడు బరంపురం మద్రాసు నుంచి విడిపోయింది. గిరి పుట్టిన ఊరు సరిహద్దుకు అవతలికి పోయినా ఆయన రాజకీయ జీవితం ఇవతలే కొనసాగింది. తమిళ ప్రాంతంలోనూ ఇలాంటిదే జరిగింది. రామనాథపురం రాజాను ముత్తురామలింగ తేవర్ ఓడించారు. జమీందారులకు చట్టం విడిగా ఆరు స్థానాలు ఇవ్వడానికి కారణం సాధారణ స్థానాల్లో వారు నెగ్గరన్న భయమే అయితే, ఆ భయం నిరాధారమైనది కాదని ఈ రెండు ఫలితాలు చూపాయి.

షెడ్యూల్డు కులాల 30 స్థానాల విషయం కొంత వివరంగా చూడదగినది. 1932 నాటి పూనా ఒప్పందం ప్రకారం ఈ స్థానాలకు ప్రత్యేక నియోజకవర్గాలు లేవు. ఒకే నియోజకవర్గం నుంచి ఒక సాధారణ సభ్యుడు, ఒక షెడ్యూల్డు కులాల సభ్యుడు ఎన్నికయ్యేవారు. అయితే ముందుగా షెడ్యూల్డు కులాల ఓటర్లు మాత్రమే పాల్గొనే ప్రాథమిక ఎన్నిక ఒకటి ఉండేది. నలుగురికి మించి అభ్యర్థులు ఉన్నచోట ఆ ఎన్నిక నలుగురిని ఎంపిక చేసేది, తుది ఎన్నికలో అందరూ ఓటు వేసేవారు. అంటే చివరి తీర్పు ఇతర కులాల ఓటర్ల చేతిలోనే ఉండేది. ఆ లెక్కన, కాంగ్రెసు టిక్కెట్టు మీద వచ్చిన దళిత సభ్యుడికి తన వర్గం ఆశలకూ, తనను గెలిపించిన పార్టీ ఆదేశానికీ మధ్య ఇరుకు తప్పలేదు. దళిత నాయకుడు ఎం.సి. రాజా వంటివారు ఈ ఇరుకుకు వెలుపల ఉండగలిగారు. ఆయన తెచ్చిన సామాజిక అశక్తతల తొలగింపు బిల్లు 1938లో చట్టమైంది. బావులు, రోడ్లు, ప్రజా స్థలాల వాడకంలో దళితులను అడ్డుకోవడాన్ని అది నిషేధించింది. ఆలయ ప్రవేశం మీద ఆయన తెచ్చిన బిల్లును మాత్రం ప్రభుత్వం నెగ్గనివ్వలేదు. ఆ తరువాత 1939లో, మదుర మీనాక్షి ఆలయ ప్రవేశం జరిగిపోయాక, ప్రభుత్వమే వేరొక రూపంలో చట్టం తెచ్చింది. ఒకే విషయంపై సభ్యుడు తెచ్చిన బిల్లు పడిపోయి, మంత్రివర్గం తెచ్చినది నెగ్గడం ఆ సభలో సభ్యుడి అసలు బలం ఎంతో తెలియజేస్తుంది.

ఎన్నికలు ముగిసినా వెంటనే సభ కూడలేదు. గవర్నరుకున్న ప్రత్యేకాధికారాలను మంత్రివర్గపు పనిలో వాడబోమన్న హామీ ఇస్తేనే పదవి స్వీకరిస్తామని కాంగ్రెసు పట్టుబట్టింది. గవర్నరు ఎర్స్కిన్ ప్రభువు అందుకు ఒప్పుకోలేదు. 1937 ఏప్రిల్ 1న కూర్మా వెంకటరెడ్డి నాయుడు నాయకత్వాన తాత్కాలిక మంత్రివర్గం ఏర్పడింది. 215 మందిలో మెజారిటీ ఎదుటిపక్షానిదే అయిన సభ ముందుకు ఆ మంత్రివర్గం వెళ్లే ప్రశ్నే లేదు. అందువల్ల సభను పిలవకుండానే మూడున్నర నెలలు గడిచిపోయాయి. జూన్‌లో వైస్రాయి లిన్‌లిత్‌గో వివరణ ఇచ్చాక, జులైలో కాంగ్రెసు కార్యవర్గం అంగీకరించాక, చక్రవర్తి రాజగోపాలాచారి (రాజాజీ) మంత్రివర్గం ఏర్పడింది. విశ్వవిద్యాలయ స్థానం నుంచి సభకు వచ్చిన ఆయన మొత్తం రాష్ట్రానికి ప్రధానమంత్రి అయ్యారు. (ఆనాడు రాష్ట్ర మంత్రివర్గపు అధిపతిని ప్రధానమంత్రి అనే పిలిచేవారు.)

పదిమంది మంత్రుల్లో ముగ్గురు తెలుగువారు. టంగుటూరి ప్రకాశం రెవిన్యూ శాఖను, వి.వి. గిరి పరిశ్రమలు, కార్మిక శాఖలను, బెజవాడ గోపాలరెడ్డి స్థానిక పరిపాలనను చూశారు. ప్రకాశానికి అప్పటికి అరవై నాలుగేళ్లు, గోపాలరెడ్డికి ముప్పయి కూడా నిండలేదు. సభాపతిగా కాకినాడ న్యాయవాది బులుసు సాంబమూర్తి, ఉపసభాపతిగా ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్లిన రుక్మిణీ లక్ష్మీపతి ఎన్నికయ్యారు. మిగిలిన మంత్రుల్లో పి. సుబ్బరాయన్ 1926 నుంచి 1930 వరకు తానే మంత్రివర్గ నాయకుడిగా పనిచేసినవారు. ఎస్. రామనాథన్ ఒకప్పుడు ఆత్మగౌరవోద్యమంలో ఉన్నవారు. యాకూబ్ హసన్ ఖిలాఫత్ కాలం నుంచి ప్రజాజీవితంలో ఉన్నవారు. వి.ఐ. మునుస్వామి పిళ్లై దళిత వర్గం నుంచి మంత్రి అయ్యారు. మలబారుకు చెందిన కె. రామన్ మీనన్ 1939లో మరణించగా ఆయన స్థానంలో సి.జె. వర్కీ వచ్చారు. వేర్వేరు రాజకీయ గతాల నుంచి వచ్చిన వీరిని కలిపి ఉంచినది చాలావరకు రాజాజీ పట్టుదలే. అది కొందరికి నాయకత్వంగా, మరికొందరికి నిరంకుశత్వంగా కనిపించింది.

సభ కూర్చున్న చోటు కూడా స్థిరమైనది కాదు. 1937 జులై నుంచి డిసెంబరు దాకా చేపాక్‌లోని విశ్వవిద్యాలయ సెనేట్ హౌస్‌లో, 1938 జనవరి నుంచి తరువాతి కాలంలో రాజాజీ హాలుగా పేరుపొందిన బాంక్వెటింగ్ హాలులో సమావేశాలు జరిగాయి. చట్టం ప్రకారం చర్చలు ఇంగ్లీషులో జరగాలి. ఇంగ్లీషు రానివారు, చాలినంత రానివారు మాత్రం తమ భాషలో మాట్లాడటానికి నియమాలు వీలు కల్పించాలి. ఈ వెసులుబాటు వల్ల తెలుగు, తమిళం, మలయాళం, కన్నడం సభలో వినిపించే అవకాశం ఏర్పడింది. కానీ అది ఇంగ్లీషు రాకపోవడానికి ఇచ్చిన మినహాయింపే తప్ప మాతృభాషకు ఇచ్చిన హక్కు కాదు.

ఎగువ సభ సంగతి తొందరగా చెప్పుకోవచ్చు. ఎన్నికైన 46 స్థానాల్లో కాంగ్రెసుకు 27 వచ్చాయి. మిగిలిన ఎనిమిది నుంచి పది స్థానాలను గవర్నరు నామినేట్ చేసేవారు. మండలి శాశ్వత సభ, మూడేళ్లకోసారి మూడో వంతు సభ్యులు విరమించేవారు. ఆదాయవ్యయాల పద్దులపై ఓటు శాసనసభకే ఉంది. బిల్లుల మీద రెండు సభలకు పేచీ వస్తే ఉభయసభల సమావేశం పెట్టవచ్చు. రెండు సభలూ కలిపి సుమారు 270 మంది ఉండగా కాంగ్రెసు బలం 186. కనుక మండలి ఆలస్యం చేయగలదే తప్ప ఆపలేదు.

ఈ బలంతో సభ ఏం చేసింది? 1937 అక్టోబరు 1న సేలంలో మద్యనిషేధం మొదలైంది. మరుసటి ఏడాది చిత్తూరు, కడప జిల్లాలకు, 1939లో ఉత్తర ఆర్కాటుకు విస్తరించింది. కల్లు, సారా మీద వచ్చే అబ్కారీ ఆదాయం పోగా ఏర్పడిన లోటును పూడ్చుకోవడానికి 1939లో సాధారణ అమ్మకపు పన్ను చట్టం వచ్చింది. మద్యనిషేధం నాలుగు జిల్లాలకే పరిమితం కాగా, దాని కోసం వేసిన పన్ను రాష్ట్రమంతటికీ వర్తించింది. స్వాతంత్ర్యం తరువాత రాష్ట్రాల ఖజానాలకు అమ్మకపు పన్నే ప్రధానాధారం కావడం వల్ల, ఆ సభ చేసిన చట్టాల్లో ఎక్కువకాలం ప్రభావం చూపినది ఇదే అని చెప్పవచ్చు. 1938లో రైతుల రుణభారాన్ని తగ్గించే చట్టం వచ్చింది. ఓటుహక్కు ఉన్న రైతు వర్గమే ఈ సభను గెలిపించిందన్న సంగతిని గుర్తుంచుకుంటే ఆ చట్టం అంత త్వరగా ఎందుకు వచ్చిందో అర్థమవుతుంది.

తెలుగు జిల్లాల సభ్యులకు వీటన్నిటికంటే ముఖ్యమైనది జమీందారీ సమస్య. కోస్తా జిల్లాల్లో పెద్ద భాగం జమీందారీల కింద ఉండేది. జమీందారు ప్రభుత్వానికి కట్టవలసిన పేష్కషు 1802 నాటి శాశ్వత పరిష్కారం ప్రకారం స్థిరంగా ఉండగా, రైతు నుంచి వసూలు చేసే శిస్తు పెరుగుతూ పోయింది. ప్రకాశం అధ్యక్షతన సభ్యులతో ఏర్పడిన విచారణ సంఘం ఊళ్లు తిరిగి సాక్ష్యాలు తీసుకుని 1938 చివర నివేదిక ఇచ్చింది. భూమి రైతుదేననీ, జమీందారు శిస్తు వసూలుదారుడు మాత్రమేననీ, శిస్తును శాశ్వత పరిష్కారం నాటి స్థాయికి తగ్గించాలనీ అది తేల్చింది. 1939 జనవరిలో సభ ఆ నివేదికను అనుసరించి చట్టం చేయాలని తీర్మానించింది. కానీ బిల్లు రాలేదు. మంత్రివర్గంలోనే దీనిపై ఉత్సాహం సమానంగా లేదు. రాష్ట్రంలోని రైత్వారీ ప్రాంతాల (రైతు నేరుగా ప్రభుత్వానికే శిస్తు కట్టే చోట్ల) సభ్యులకు ఇది తమ సమస్య కాదు. జమీందారీల రద్దు చట్టం 1948 దాకా ఆగవలసి వచ్చింది. మంత్రివర్గం మరో ఏడాది ఉంటే వచ్చేదన్న వాదన ఉంది కాని, తీర్మానం తరువాత దొరికిన తొమ్మిది నెలల్లో బిల్లు సభ ముందుకు రాకపోవడాన్ని ఆ వాదన సంతృప్తికరంగా వివరించలేదు.

ఇక్కడే భాష ప్రశ్న ముందుకు వస్తుంది. కాంగ్రెసు 1920 నుంచి భాష ప్రాతిపదికన రాష్ట్ర సంఘాలను ఏర్పరుచుకుంది. ఆంధ్రకు, తమిళనాడుకు, కేరళకు, కర్ణాటకకు వేర్వేరు సంఘాలు ఉన్నాయి. సభ్యులను నిలబెట్టింది ఆ సంఘాలు. గెలిచాక అందరూ ఒకే శాసనసభాపక్షంలో, ఒకే నాయకుడి కింద కూర్చున్నారు. ఆంధ్ర సంఘం పంపిన సభ్యుడు ఇంట్లో ఒక నాయకత్వానికి, సభలో మరొక నాయకత్వానికి జవాబుదారీ అయ్యాడు. విశాఖపట్నం నుంచి చిత్తూరు దాకా, అనంతపురం నుంచి నెల్లూరు దాకా ఉన్న తెలుగు జిల్లాల ప్రతినిధులు పదవుల్లోనూ, ఖర్చుల్లోనూ తమ వాటా తక్కువైందని చెప్పుకోవడం అప్పటికే పాత ఫిర్యాదు. కాంగ్రెసు అధికారంలోకి వచ్చాక ఆ ఫిర్యాదుకు ప్రత్యర్థిని నిందించే సౌకర్యం పోయింది. (ఇదే కాలంలో నిజాం పాలనలోని తెలంగాణ ప్రజలకు ఇలాంటి ఎన్నికైన శాసనసభే లేదు. అక్కడి తెలుగువారు ఈ చర్చకు వెలుపలే ఉండిపోయారు.)

ప్రత్యేక రాష్ట్రం అడగాలంటే ముందు తెలుగు సభ్యుల మధ్యే ఒక ఒప్పందం కావలసి వచ్చింది. 1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు ఇంట్లో కుదిరిన శ్రీబాగ్ ఒప్పందం గురించి మాట్లాడేటప్పుడు సాధారణంగా రాజధాని, హైకోర్టు, నదీజలాలు, అనంతపురంలో విశ్వవిద్యాలయ కేంద్రం అనే అంశాలే ప్రస్తావనకు వస్తాయి. దానిలో శాసనసభ్యత్వం గురించిన అంశం ఒకటి ఉందన్నది తక్కువగా గుర్తుకు వస్తుంది. జనాభాను బట్టి స్థానాలు పంచితే సర్కారు (కోస్తా) జిల్లాలకు ఎక్కువ, రాయలసీమకు తక్కువ వస్తాయి కాబట్టి, రిజర్వు స్థానాలు మినహా మిగిలినవాటిని ప్రతి జిల్లాకూ సమాన సంఖ్యలో ఇవ్వాలని అందులో ఒప్పుకున్నారు. మద్రాసు సభలో తమిళుల సంఖ్యాబలం కింద తాము నలిగిపోతున్నామన్నది సర్కారు నాయకుల వాదన. అదే సంఖ్యాబలాన్ని సర్కారుల నుంచి ఊహించి రాయలసీమ నాయకులు భయపడ్డారు. ఆ భయానికి హేతువు ఉందని సర్కారు పక్షం సంతకం పెట్టి మరీ అంగీకరించింది.

ఒప్పందం తరువాత 1938 మార్చిలో కొండా వెంకటప్పయ్య భాషా రాష్ట్రాల తీర్మానాన్ని శాసనసభలో ప్రతిపాదించగా సభ ఆమోదించింది. మంత్రివర్గం అడ్డుపడలేదు, ఉత్సాహంగా ముందుకు తీసుకుపోనూ లేదు. బ్రిటిష్ ప్రభుత్వం కొత్త రాష్ట్రాలకు అంగీకరించలేదు. అదే ఏడాది పాఠశాలల్లో హిందుస్థానీని తప్పనిసరి చేసిన రాజాజీ నిర్ణయంపై తమిళ ప్రాంతంలో పెద్ద ఆందోళన సాగింది. తెలుగు జిల్లాల్లో ఆ ఆందోళనకు అంత ప్రతిధ్వని లేకపోవడం, ఆంధ్ర రాష్ట్ర డిమాండుకు తమిళ ప్రాంతంలో అంతగా మద్దతు లేకపోవడం చూస్తే, ఒకే సభలో కూర్చున్నవారు రెండు వేర్వేరు ప్రజాజీవితాల్లో బతుకుతున్నారని తెలుస్తుంది.

1939 సెప్టెంబరులో వైస్రాయి భారతదేశాన్ని యుద్ధంలోకి దించినప్పుడు ఏ శాసనసభనూ అడగలేదు. అక్టోబరు చివర మద్రాసు మంత్రివర్గం రాజీనామా చేసింది. చట్టంలోని 93వ నిబంధన కింద గవర్నరు పాలనాధికారాన్నీ, శాసనాధికారాన్నీ స్వీకరించారు. సభ రద్దు కాలేదు, కూడనూ లేదు. సభ్యులు పేరుకు సభ్యులుగానే మిగిలారు. 1940 చివర మొదలైన వ్యక్తి సత్యాగ్రహంలో శాసనసభ్యులనే ముందు వరుసలో నిలబెట్టడంతో చాలామంది జైళ్లకు వెళ్లారు. 1942 ఏప్రిల్‌లో మద్రాసు కాంగ్రెసు శాసనసభ్యుల చేత రాజాజీ ముస్లిం లీగుతో రాజీకి అనుకూలంగా తీర్మానం చేయించారు. అఖిల భారత కాంగ్రెసు కమిటీ దాన్ని తిరస్కరించగా, ఆయన కాంగ్రెసునూ, జులైలో సభ్యత్వాన్నీ వదులుకున్నారు. సమావేశం కాని సభలోని సభ్యత్వానికి కూడా రాజీనామా చేయవలసినంత విలువ ఉందని దీనివల్ల అర్థమవుతుంది. కొత్త ఎన్నికలు 1946లో గాని జరగలేదు.

ఆ 215 మందిలో కొందరు తరువాత చేరిన స్థానాలు గమనించదగినవి. రాజాజీ గవర్నర్ జనరల్ అయ్యారు, గిరి రాష్ట్రపతి అయ్యారు. సాత్తూరు నుంచి పోటీ లేకుండా వచ్చిన కామరాజు, పార్లమెంటరీ కార్యదర్శిగా పనిచేసిన భక్తవత్సలం మద్రాసు ముఖ్యమంత్రులయ్యారు. ప్రకాశం, గోపాలరెడ్డి ఒకరి తరువాత ఒకరు ఆంధ్ర రాష్ట్ర ముఖ్యమంత్రులయ్యారు. 1953 అక్టోబరు 1న ఆ రాష్ట్రం ఏర్పడినప్పుడు దాని శాసనసభకు కొత్తగా ఎన్నికలు జరపలేదు. 1952లో తెలుగు జిల్లాల నుంచి మద్రాసు సభకు ఎన్నికైన సభ్యులు విడివడి 140 మంది సభగా కర్నూలులో కూర్చున్నారు. శ్రీబాగ్ ఒప్పందంలోని రాజధాని అంశం కర్నూలుతో నెరవేరింది. జిల్లాకు సమాన స్థానాలన్న అంశం మాత్రం అమలు కాలేదు. ఆ 140 స్థానాలూ జనాభా లెక్కన గీసిన నియోజకవర్గాలవే.